కత్తిరించిన దగ్గులు

లేబర్ ఆఫీసు పైఅంతస్తు హాల్లో, రెండొందలమంది కూలీల ముందు, మిల్లు మేనేజర్ మా రేడియో వినిపించాడు.

"జల్లెడ ఆడవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు, క్రషర్ వాళ్ళు, మొత్తం నలభై ఒక్కమంది సార్. వాళ్ళ రేడియోలోనే, వాళ్ళ నోటితోనే మాట్లాడారు. వినండి."

టేబుల్ మీద చిన్న స్పీకర్ పెట్టి నొక్కాడు. ఒకావిడ పిల్లల చదువు గురించి చెప్పింది. ఒకాయన కుళాయి రావట్లేదన్నాడు. మా పిన్ని ఎండలో తిరిగేవాళ్ళు నీళ్ళెక్కువ తాగాలంది. గొంతులన్నీ కడిగి బోర్లించిన గ్లాసుల్లా ఉన్నాయి.

"ఒక్క దగ్గు వినపడిందా సార్? రాతిపొడికి ఊపిరితిత్తులు పాడైపోయాయంటున్నారు. పాడైనవాళ్ళు ఇలా మాట్లాడతారా?"

ఆఫీసరు తల ఊపాడు. ఊపుతూనే రాసుకున్నాడు.

"పది రోజులు టైమిస్తున్నా. వేరే ఆధారం ఉంటే తెండి. లేకపోతే ఫైలు మూసేస్తా."

హాల్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత మెల్లగా అందరూ నా వైపు తిరిగారు. ఎందుకంటే ఆ దగ్గులన్నీ తీసేసింది నేనే.

మా రేడియో గురించి చెప్పాలి. పాత గోడౌన్లో ఒక మూల గది. ఎంత విశాలమైనదంటే, ఇద్దరు కూర్చుంటే ఒకరు ఊపిరి పీల్చేటప్పుడు రెండోవాళ్ళు వదలాలి. మాట గోడకి కొట్టుకుని తిరిగి రాకుండా కోడిగుడ్ల అట్టలు అంటించాం. ఆ అట్టల కోసం కాలనీ మొత్తం మూడు నెలలు గుడ్లు తప్ప ఇంకేం తినలేదు. చివరికి కోళ్ళే సమ్మెకి దిగుతామన్నాయి.

లైసెన్సులో రెండు షరతులున్నాయి. ఒకటి, వార్తలు చెప్పకూడదు. మేక తప్పిపోతే చెప్పొచ్చు. మనిషి మిల్లులో కుప్పకూలితే చెప్పకూడదు, అది వార్త. రెండు, ఏ కార్యక్రమమైనా ముందు రికార్డు చెయ్యాలి, కమిటీ విని సంతకం పెట్టాకే వెయ్యాలి. కమిటీ అధ్యక్షుడు మిల్లు మేనేజర్ బావమరిది. మా మాటలంటే ఆయనకెంత ప్రేమో! ఒక్కోటి రెండుసార్లు విని, మూడోసారి తీసేసేవాడు.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. పదహారేళ్ళు జల్లెడ దగ్గర పనిచేసింది. మిల్లులో రాయి పొడై వస్తుంది. జల్లెడ ఊగుతుంది. ముతకది పక్కకి పోతుంది, సన్నది కిందకి దిగుతుంది, అన్నిటికంటే సన్నది పిన్ని లోపలికి పోతుంది. పొద్దున షిఫ్టు దిగి, మొహం కడుక్కుని, నేరుగా రేడియోకి వచ్చేది. ఆ గొంతు వింటే పక్కింటి దెబ్బలాటలు కూడా కాసేపు ఆగేవి.

నాకు ఎడిటింగు నేర్పినాయన ఒకే మాట చెప్పాడు. "దగ్గు వినపడిందా, వినేవాడు స్టేషన్ మార్చేస్తాడు." కంప్యూటర్ తెరమీద గొంతు అలలా కనపడుతుంది. దగ్గొచ్చిన చోట ముళ్ళపొదలా లేస్తుంది. దాన్ని మౌసుతో పట్టుకుని పీకేసి, అటూ ఇటూ కలిపేస్తే అతుకే తెలీదు. నా పనితనం ఎంత గొప్పదంటే, మా రేడియోలో మాట్లాడినవాళ్ళకి ఊపిరితిత్తులున్నట్టే తెలిసేది కాదు.

తీసెయ్యమని వాళ్ళే అడిగేవాళ్ళు కూడా. "బాబూ, ఆ దగ్గు తీసెయ్, మేస్త్రీ వింటే రేపట్నించి రావద్దంటాడు" అని ఒకరు. "మా వియ్యపురాలు వింటుంది నాయనా, పరువు పోతుంది" అని ఒకరు. మిల్లులో దగ్గేవాళ్ళనే ముందు తీసేస్తారు. అందుకని అందరూ బస్తాల వెనక్కి వెళ్ళి, నోట్లో గుడ్డ కుక్కుకుని దగ్గి వచ్చేవాళ్ళు. నేను వాళ్ళకి సాయం చేస్తున్నాననుకున్నా. మిల్లుకి చేస్తున్నానని హాల్లో ఆ స్పీకర్ మోగేదాకా తెలీలేదు.

దారిలో నన్నెవరూ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

ఇంటికొచ్చి పిన్ని గోడకి ఆనుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే నిద్రపోయేది అప్పటికే.

"తీసినవన్నీ ఎక్కడన్నా దాచావట్రా?"

"లేదు పిన్నీ. కంప్యూటర్లో చోటు చాలక ఎప్పటికప్పుడు చెరిపేశా."

"అన్నీనా?"

"అన్నీ."

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. నేను లేచి నీళ్ళు తెచ్చి, నిలబడి, మళ్ళీ కూర్చున్నా. ఇంకా దగ్గుతూనే ఉంది. చివరికి కొంగుతో మూతి తుడుచుకుని, "బెంగపడకు, స్టాకు ఇంకా ఉంది" అంది.

మర్నాడు షిఫ్టు దిగాక అందరం గోడౌన్లో కూర్చున్నాం.

"ఎక్స్‌రేలు పట్టుకొచ్చి ఆఫీసరు మొహాన పెడదాం" అన్నాడు బస్తాలు మోసే మావయ్య.

"ఎక్కణ్ణించి తెస్తావ్ మావయ్యా? అవన్నీ మిల్లు డాక్టరు బీరువాలో ఉన్నాయి" అంది జల్లెడ పెద్దక్క. పిన్ని తర్వాత జల్లెడ దగ్గర ఎక్కువేళ్ళు చేసింది ఆవిడే. "అడిగితే, ప్లేటు మీద దుమ్ము పడిందమ్మా, లోపల శుభ్రంగానే ఉంది అంటాడు."

"పెద్దాసుపత్రికి పోదాం."

"పోయా. ఆర్నెల్లాగి రమ్మన్నారు. ఆర్నెల్లకి నేనుంటానని వాళ్ళే రాసిస్తే ఆగుతా" అంది పెద్దక్క.

క్రషర్ బావ లేచాడు. ఆయన ఎవరికీ బావ కాదు, అందరికీ బావే. "నాకు ముగ్గురు పిల్లలు. మిల్లు మూతపడితే ఏం పెట్టను వాళ్ళకి? పొడి పెట్టనా?"

"మూసెయ్యమని ఎవరన్నారు?" అంది పిన్ని. "రాయి ఆడేచోట నీళ్ళు చల్లే పైపులు పెట్టమన్నాం. పొడి లాగే యంత్రం పెట్టమన్నాం. ఇది మిల్లు జబ్బని కాగితం మీద రాయమన్నాం. నాకేం రాశారో తెలుసా? బీడీ దగ్గంట. నా జన్మలో బీడీ ముట్టలేదు. నేను పోయాక కూడా ఆ కాగితం మీద బీడీలు తాగుతూనే ఉంటానన్నమాట. నా దగ్గు పేరు మారాలి బావా. అంతే నేనడిగేది."

పిన్ని నా వైపు తిరిగింది.

"రేపు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి లైవ్ పెడదాం. రికార్డింగు లేదు, కమిటీ లేదు, వీడి కత్తెర లేదు."

"లైసెన్సు పోతుంది పిన్నీ" అన్నా.

"నా ఊపిరి పోతోందిరా. రెండిట్లో ఏది మళ్ళీ అప్లై చేసుకోవచ్చో చెప్పు."

"దగ్గామంటే పనిలోంచి పీకేస్తారక్కా" అన్నారెవరో వెనకనించి.

"నేనొక్కదాన్నే దగ్గితే పీకేస్తారు. జల్లెడంతా దగ్గితే? ఎవడొస్తాడు జల్లెడ పట్టడానికి, మేనేజరా? పాపం, చొక్కా మాసిపోదూ!"

మర్నాడు మధ్యాహ్నం లైను గోడౌన్ గుమ్మం నించి కుళాయి దాకా ఉంది. పిన్ని మైకు ముందు కూర్చుంది. నేను ప్రసారం మీట ఎత్తా.

"నేను జల్లెడ దగ్గర పదహారేళ్ళు చేశా. మొదటి నాలుగేళ్ళు ఏం తెలీలేదు. అయిదో ఏడు మెట్లెక్కుతుంటే..."

దగ్గొచ్చింది. నా చెయ్యి దానంతటదే మీట మీదకి పోయింది. అలవాటు. పిన్ని కళ్ళు తెరవకుండానే నా చేతిమీద ఒక్కటిచ్చింది.

"చెయ్యి తియ్యరా."

అదీ ప్రసారమైంది. ఆ దగ్గు పూర్తిగా వెళ్ళింది, మొదట్నించి చివరిదాకా. ఇళ్ళల్లో, టీకొట్టులో, మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ రేడియోలో. పిన్ని ఆగిన చోటునించే మళ్ళీ ఎత్తుకుంది.

తర్వాత పెద్దక్క. తర్వాత మావయ్య. ఒక్కొక్కళ్ళూ ఏ పని, ఎన్నేళ్ళు అని చెప్పడం, దగ్గొస్తే దగ్గడం. మూడు గంటలు. ప్రపంచంలో ఇంత చెత్త కార్యక్రమం ఏ రేడియోలోనూ వచ్చుండదు. ఒక్కడూ స్టేషన్ మార్చలేదు.

అప్పుడు ఎస్సై వచ్చాడు.

"వార్తలు చెప్తున్నారంట?"

"లేదండి. దగ్గుతున్నాం" అన్నా.

"దగ్గు వార్తేనా?"

"లైసెన్సులో రాయలేదండి."

ఆయన లైసెన్సు తీయించి నిలబడి మొత్తం చదివాడు. పాటలున్నాయి, సలహాలున్నాయి, వాతావరణం ఉంది. దగ్గు లేదు. పైకి ఫోన్ చేశాడు. పైవాళ్ళు ఆయనకి ఆలోచించే శ్రమ లేకుండా చేశారు. ట్రాన్స్‌మిటరు, మైకు, కంప్యూటరు, నన్ను, గుడ్ల అట్టల్ని, అన్నిటినీ జీపెక్కించారు. అట్టల మీద ఏ కేసు పెట్టారో ఇప్పటికీ తెలీదు.

పిన్ని గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఒరేయ్, వాళ్ళతో వెటకారాలాడకు. వేళకి తిను" అంది. అంత మాటకే రెండుసార్లు ఆగింది.

అయిదో రోజు కానిస్టేబులొచ్చి లాకప్ ఊచల దగ్గర నిలబడ్డాడు. "మీ పిన్ని పోయిందంటయ్యా, తెల్లారి." అని, గోడవైపు తిరిగి రుమాలు అడ్డం పెట్టుకుని తనూ దగ్గాడు. వాళ్ళిల్లు మిల్లు వెనక.

గోడకి ఆనుకుని కూర్చునే పోయిందట. మిల్లు డాక్టరు 'గుండె ఆగి మరణం' అని రాశాడు. గుండె ఆగకుండా పోయినవాళ్ళు లోకంలో ఎవరూ లేరు కాబట్టి ఆయన అబద్ధం రాశాడనలేం.

నన్ను బెయిలు మీద వదిలేసరికి అన్నీ అయిపోయాయి. ఇంట్లో పిన్ని ఆనుకునే చోట గోడ నున్నగా ఉంది. పక్కన నీళ్ళ చెంబు. ఏదో ఒక జోకు వేద్దామని చూశా. నా బతుకులో మొదటిసారి ఏమీ రాలేదు.

పదో రోజు విచారణ. ఊరంతా విన్న ఆ ప్రసారమే మా ఆధారం అన్నాం. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"అనుమతి లేని ప్రసారం కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకోలేం. కావాలంటే ఒక్కొక్కరూ రాతపూర్వకంగా, సంతకంతో, సాయంత్రం అయిదులోపు ఇవ్వండి."

మేనేజర్ నవ్వు దాచుకున్నాడు. రాయడం వచ్చినవాళ్ళు మాలో పదకొండు మంది. రెండింటికి మధ్యాహ్నం షిఫ్టు. ఆఫీసరు భోజనానికి లేచాడు.

మేం లేవలేదు. హాల్లోంచి పొమ్మంటే వరండాలో కూర్చున్నాం, వరండా చాలక మెట్ల మీద కూర్చున్నాం. పెద్దక్క తెల్లకాగితాల కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ముందు మీ పిన్నిది."

"పిన్ని లేదుగా అక్కా. సంతకం?"

"మేం పెడతాం. ఆవిడ చెప్పింది మేమందరం విన్నాం."

ఒకళ్ళు ఒక ముక్క చెప్తే, ఇంకొకళ్ళు "కాదు కాదు, మెట్లెక్కుతుంటే అంది" అని దిద్దారు. మాట మాటా వాళ్ళకి గుర్తుంది. నేను రాస్తూ ఒకచోట ఆగిపోయా.

"ఏమయ్యా ఆగావ్? అక్కడ దగ్గింది కదా. రాయి."

"దగ్గు ఎలా రాయాలక్కా?"

"దగ్గింది అని రాయి. ఎంతసేపో కూడా రాయి."

రాశా. 'ఇక్కడ దగ్గింది. చాలాసేపు.' రెండు లైన్లకి మళ్ళీ అదే. మూడు లైన్లకి మళ్ళీ. ఎండాకాలం నీళ్ళు తాగమని చెప్పిన ఆ గొంతులోంచి రెండేళ్ళు నేను పీకి పారేసినవన్నీ కళ్ళముందు కనపడ్డాయి. అక్షరాలు మసకేశాయి. పెద్దక్క కాగితం తిన్నగా జరిపి పట్టుకుంది.

కింద మొదటి వేలిముద్ర క్రషర్ బావది. పిల్లలకి పొడి పెట్టనా అన్న బావది.

రెండింటికి మిల్లు సైరన్ మోగింది. మేనేజర్ మెట్ల పైన నిలబడ్డాడు.

"షిఫ్టు టైమైంది. లేవండి."

"దారి లేదండి" అన్నాడు మావయ్య. "నిండా మనుషులున్నారు."

సైరన్ మళ్ళీ మోగింది. మూడోసారి మోగింది. మిల్లులో రాయి వెయ్యడానికి మనిషి లేడు, జల్లెడ దగ్గర మనిషి లేదు. ఒక్కరూ కదల్లేదు. కిందనించి ఎవరో కేకేశారు, "రాసేవాళ్ళు ఇంకో పదిమంది ఇటు రండర్రా, ఇక్కడ లైను పెరిగిపోతోంది."

నేను కొత్త కాగితం తీశా.

"చెప్పు బావా. ఏ పని, ఎన్నేళ్ళు?"

బావ నోరు తెరిచాడు. ముందు దగ్గొచ్చింది. దాన్నే ముందు రాశా.