సన్యాసమ్మ తండ్రి ఎక్కిన విమానం

నేను ఒక విమానాన్ని. అలా అన్నానని ఆకాశం వైపు చూడకండి, నాకు వెనకభాగం లేదు. ముందు రంగులేసిన గుడ్డ, దానికి ఆసరాగా కర్రల చట్రం, ఆ వెనక ఎక్కి నిలబడడానికి ఒక ఎత్తుపీట, అంతే నేను. అనకాపల్లిలో ఫొటో స్టూడియో పెట్టిన అప్పలనర్సయ్య గారు జనాన్ని రప్పించడానికి నన్ను చేయించారు.

నాకు రంగులేసిన పైడయ్య నాటకాల తెరలు రాసేవాడు. విమానాన్ని దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు. ముక్కు అగ్గిపెట్టె మీది బొమ్మ చూసి వేశాడు, తోక ఏదో కేలండరు చూసి వేశాడు. కిటికీలకు ఏమీ దొరక్క నర్సీపట్నం బస్సుకి ఉన్నవే వేసేశాడు. అయినా నాకేం తక్కువ? జాతర రోజుల్లో నా ముందు బారులు తీరేవారు. పెళ్లికొడుకులు, కానిస్టేబుళ్లు, బెల్లం వర్తకులు పీటెక్కి, కోసిన కిటికీలోంచి తల బయటపెట్టి ఊపిరి బిగబట్టేవారు. భూమికి రెండడుగుల ఎత్తులో వాళ్ల మొహాల్లో ఎంత దర్జా! దిగాక మాత్రం ఒక్కరూ నావైపు తిరిగి చూసేవారు కాదు.

తర్వాత నా మోజు తీరిపోయింది. స్టూడియో అప్పలనర్సయ్య గారి మనవడి చేతిలో జిరాక్స్ కొట్టయింది. నన్ను వెనకగదిలో గోడకు మొహం పెట్టి నిలబెట్టారు. నలభై ఏళ్లు ఆ గోడనే చూశాను. ఎవరో ఒకరు వచ్చి నన్ను గుర్తుపడితే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మొన్నొకాయన వచ్చి నన్ను ఇటు తిప్పించారు. పేరు జోగారావు. వాయుసేనలో మెకానిక్కుగా చేసి, రిటైరై విశాఖలో ఉంటున్నారట. ఎవరికీ తెలియని పాత విమానాన్ని కూడా ఫొటోలో రెక్క చూసి, చక్రం చూసి ఫలానా అని చెప్పేస్తారట. నన్ను చూసి ముందు పగలబడి నవ్వారు. తర్వాత కాగితాల కట్టల మీద కూలబడి, తల పట్టుకుని కొట్టు నడిపే ఆ మనవడికి జరిగిందంతా చెప్పారు.

సన్యాసమ్మ అనే పెద్దావిడ ఆయనకొక ఫొటో తెచ్చి ఇచ్చింది. అందులో విమానం కిటికీలో వాళ్ల నాన్న. ఆమె ఉయ్యాల్లో ఉండగానే దూరదేశం పనికని ఆ విమానంలో వెళ్లాడట, అది సముద్రంలో పడిపోయిందట. తల్లి చెప్పిన మాట. ఏ విమానమో తెలిస్తే ఎక్కడ పడిందో తెలుస్తుంది, బతికుండగా అక్కడికి పోయి నీళ్లలో ఇన్ని పూలు వేసొస్తానని ఆమె కోరిక.

జోగారావు గారు నాలుగు నెలలు నా వెంట పడ్డారు. ముక్కు ఒక దేశానిది, తోక ఇంకో దేశానిది, కిటికీలు ఏ దేశానివీ కావు. నా పొట్టకింద కనిపించిన పీటకాళ్లను చక్రాల కమ్మీలనుకుని వాటి మీదే మూడు పేజీలు రాసుకున్నారు పాపం. చివరికి 'తెలియలేదు' అని రాద్దామని ఫొటో వెనక్కి తిప్పితే, అక్కడ స్టూడియో ముద్ర! నాలుగు నెలల్లో ఒక్కసారీ తిప్పి చూడలేదన్నమాట. విమానాల పిచ్చి ఉన్నవాళ్లు అంతే.

నన్ను చూసి వెళ్లిన మర్నాడు సన్యాసమ్మను తీసుకొచ్చారు. ఆమె నా కిటికీ అంచు తడిమింది.

"ఇదేనేటి బాబూ?"

"ఇదేనమ్మా. ఇది ఎగరలేదు, ఎక్కడా పడలేదు."

"అయితే మా అయ్య ఇందులోంచి దిగిపోనాడా?"

"దిగే ఉంటారమ్మా."

ఉంటారు ఏమిటి, నేను చూశాను. ఫొటో తీయడం అయిపోయినా అతను కాసేపు నా కిటికీలోనే నిలబడిపోయాడు. తర్వాత దిగి, ఫొటో ఇంటికి పోస్టులో పంపమని ఊరిపేరు చెప్పి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. కుడివైపు వాళ్ల ఊరి బస్సు ఆగేది. అతను ఎడమవైపు, రైల్వేస్టేషన్ దారి పట్టాడు. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు, నాకు నోరు లేదు.

సన్యాసమ్మ నా కిటికీ అంచు మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత నెమ్మదిగా అంది:

"ఇమానం పడిపోనాదంటే, పాపం ఆయనేటి సేస్తాడని ఊరుకున్నాను బాబూ. నా పెల్లికి రాలేదని గానీ, మా యమ్మ పోయినప్పుడు రాలేదని గానీ ఒక్కనాడూ తిట్టుకోలేదు. నడిసెల్లిన మనిసి నడిసి రాలేడేటండీ?"

ఆమె చేతిలోని ఫొటోను పీట మీద పెట్టి బయల్దేరింది.

"అమ్మా, ఫొటో!" అన్నారు జోగారావు గారు.

"ఉండనీయండి."

ఆమె మెట్లు దిగుతుంటే నాకు దుఃఖం వచ్చింది. నన్నెవరూ గుర్తుపట్టకపోయినా బాగుండేది. ఆమెకు సముద్రంలో పోయిన తండ్రైనా మిగిలేవాడు.