రెండో గొంతు

మెంఫిస్‌లో ఆగస్టు మధ్యాహ్నం. నల్లవాళ్ల చర్చి కిటికీల రంగుటద్దాల్లోంచి దిగిన ఎండ నేల మీద నీళ్లలా పారుతోంది.

ఒడెస్సా మైకు ముందు నిలబడింది. చెల్లెలు వెల్మా పోయాక ఆమె పాడడం ఇదే మొదలు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ జంటగానే పాడారు. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకునేవారు. చర్చిలో ఆర్గాన్ వాద్యం వాయించే థర్మన్ రికార్డు చేస్తున్నామని బతిమాలితే కాదనలేక వచ్చింది.

రికార్డు చేసే పాటలన్నీ పేరుమోసిన ఓ తెల్లాయన రాసినవి. వీధి పాటలు, ప్రేమ పాటలు కట్టుకుంటూ ఉన్నట్టుండి దేవుడి పాటల మీద పడ్డాడు. అప్పుడు ఆయన అభిమానులే ఈలలేసి వెక్కిరించారట.

"బార్లలో పాడుకునేవాడు మనకి దేవుడి పాటలు నేర్పుతాడా?" సంఘంలో అందరికంటే పెద్దదైన లవీనియమ్మ ముందు బల్ల మీద కూర్చుని విసనకర్ర ఊపుకుంటూ సణిగింది.

"కీర్తనలు రాసిన దావీదు మాత్రం తక్కువ తిన్నాడా అమ్మా?" అన్నాడు థర్మన్.

"నోర్మూసుకుని వాయించరా."

మొదటి పాట ఆయన రికార్డులో గుర్రంలా పరుగెడుతుంది. ఒడెస్సా గొంతుకి అంత పరుగు చేతకాలేదు. 'దాహంతో వచ్చాను, దోసిలే నా గిన్నె' అంటూ మాటమాటకీ ఆగింది. థర్మన్ వేళ్లూ నెమ్మదించాయి. పాట ఏరైపోయింది. నడుము లోతు మట్టినీళ్లలో బాప్తిస్మపు తెల్లగౌను ఉబ్బి తేలుతున్నట్టు, తడిసిన వెల్మా చెయ్యి తన చేతిలో ఉన్నట్టు అనిపించింది. చరణం చివరకొచ్చి, అలవాటు కొద్దీ చెల్లెలికి వదిలేసింది.

ఎవరూ అందుకోలేదు. థర్మన్ ఒక్క స్వరం మీదే వేలు నొక్కిపట్టి ఉండిపోయాడు.

అప్పుడు ముందు బల్ల నుంచి బొంగురు గొంతొకటి లేచింది. లవీనియమ్మ. కళ్లు మూసుకుని, అప్పుడే విన్న ఆ చరణాన్నే తిరిగి పాడుతోంది. వెల్మా గొంతులో తేనె ఉండేది. ఇది చిల్లుపడ్డ రేకు. అయినా ఒడెస్సా ఆమె వైపు తిరిగింది. తర్వాతి మాట అందుకుంది. ఇద్దరూ కలిసి పాటని ఒడ్డుకి చేర్చారు.

"ఇంకోసారి పాడదామా? మధ్యలో దగ్గు పడింది," అన్నాడు రికార్డింగతను.

"పడితే పడనీ. దగ్గినదాన్ని నేనే," అంది లవీనియమ్మ.

పాట దగ్గుతోనే రికార్డులోకి ఎక్కింది.

బయట మెట్ల మీద కూర్చున్న ఒడెస్సా పక్కన ముసలామె చతికిలబడింది.

"ఆ పిచ్చాయన ఇంకేమైనా రాశాడుటే?"

"బోలెడు."

"అయితే నాకూ నేర్పు. కాస్త పై శ్రుతిలో ఎత్తుకో తల్లీ, నీ గొంతు నూతిలో పడింది."

ఒడెస్సాకి నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెంటినీ రానిచ్చింది.