తోక ఆగిన చోట

"గుంజ దించకండి, ఆగండి!" అంటూ వీధి చివర్నుంచి కేక.

పెలెనాటో మావయ్య కొత్త ఇంటి మొదటి గుంజని భుజాల మీద మోస్తున్న మగాళ్ళు అలాగే నిలబడిపోయారు. ముందు గొయ్యి, దాని ముందు సముద్రం. కేకేసింది ఆయన మేనకోడలు ఫెతు. చంకలో ల్యాప్‌టాప్, ఒక కాలికే చెప్పు.

"పొద్దున నువ్వేగా ఇక్కడ పరవాలేదన్నావు?" అన్నాడు మావయ్య. "ఇప్పుడీ గుంజని నీ నెత్తి మీద దించాలా?"

అన్నమాట నిజమే. ఫెతుది మా దీవి పట్నం ఆపియాలో అలల లెక్కలు చూసే ఉద్యోగం. ఆ పనికో లైబ్రరీ వాడుతుంది. పుస్తకాల గది కాదండోయ్. ముక్కూ మొహం తెలియనివాళ్ళెవరో కూర్చుని రాసి, అందరూ వాడుకోండని వదిలేసిన లెక్కల మూట. ఎంత మంచి బుర్రలో వాళ్ళవి! సముద్రం మామూలుగా ఎంత ఎత్తుకి లేస్తుంది, ఆ ఎత్తు అటూ ఇటూ ఎంత చెదురుతుంది, ఈ రెండూ చెబితే చాలు, ఎక్కడిదాకా రావడానికి ఎంత అవకాశమో చెప్పేస్తుంది. ఫెతు మీట నొక్కగానే మా ఒడ్డున ఇసుక లేచి గంట ఆకారంలో కుప్పవుతుంది. పిల్లలు దాని మీద జారుతారు, లోసా పెద్దమ్మ చాపలు ఆరేస్తుంది. కుప్ప ఎత్తుగా ఉన్నచోటికి నీళ్ళు తరచూ వస్తాయి. తోక సన్నబడేచోటికి ఎప్పుడో గాని రావు.

పొద్దున ఆ తోక గొయ్యిదాకా రాకుండానే ఆగింది. అందరూ సంబరపడ్డారు. ఫెతు మాత్రం కుప్ప చుట్టూ తిరిగింది. మరీ నిటారుగా ఉంది. నిరుడు గాలివానకి మునిగిన కొబ్బరి మొదలు తోకకి అవతల ఉండిపోయింది. వచ్చిన నీళ్ళనే రావంటోంది ఈ లెక్క. ఇంటికెళ్ళి వెతుక్కుంటే తప్పు దొరికింది.

"ఆ లెక్కల మూట అడిగింది చెదురుని. నేనిచ్చింది దాని వర్గాన్ని," అంది ఆయాసపడుతూ. "అరమీటరు అనాల్సింది, అరని అరతో గుణించి పావు అన్నాను మావయ్యా."

"అంటే సగం సముద్రాన్ని మింగేశావన్నమాట. కడుపు ఉప్పగా లేదూ?"

ఫెతు నవ్వకుండా దిద్ది, నొక్కింది. కుప్ప కుంగింది, వెడల్పయింది. తోక గొయ్యిని నింపేసి ఇంకా పైకి పాకింది. మగాళ్ళు గుంజని మెల్లగా నేల మీద పెట్టారు. మావయ్య నవ్వు కూడా పోయింది.

"కొండ మీద నాకు నిద్రపట్టదే పిల్లా. మీ అత్త పోయాక నాతో మాట్లాడేది ఈ హోరొక్కటే."

"కొండెక్కమని ఎవరన్నారు? దీన్ని తిరగేసి కూడా అడగొచ్చు. నీళ్ళు ఇంత అరుదుగా వస్తే చాలు, ఎంత దూరం జరగాలి అంటే, అదీ చెబుతుంది."

"ఎంత అరుదుగా?"

"నీ మనవల మనవలకి ఒక్కసారి."

నొక్కింది. ఇసుక గీతలా సాగి, పనసచెట్టు పక్కన ఆగింది. మావయ్య అక్కడికెళ్ళి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. హోరు కోసం చెవులొగ్గాడు.

"వినిపిస్తోంది," అన్నాడు. "కాస్త గొణుగుతోంది. మీ అత్తా అంతేలే."

ఇల్లు అక్కడే లేచింది. ఆ ఏడు పెద్ద పోటొచ్చి, పాత గొయ్యి ఉన్నచోటంతా ముంచి, పనసచెట్టుని చూసి వెనక్కి మళ్ళింది. తర్వాతి ఆదివారం ప్రార్థనయ్యాక అక్కడే వంట మీద పేర్చిన వేడి రాళ్ళు తీశారు. చేమ జాతి టారో దుంపలు, కొబ్బరిపాలలో ఉడికిన ఆకులు పొగలు కక్కాయి. మర్యాదగా ఊరిపెద్దకే పెట్టే చేప తలని మావయ్య తీసుకెళ్ళి ఫెతు ముందు పెట్టాడు. ఊరిపెద్ద చూసి, పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు. అప్పుడు అందరూ చాపల మీద కూర్చున్నారు.