గాలి తలుపు

ఇళ్ళను వెచ్చగా ఉంచే చమురు ఫర్నేస్‌లన్నీ మెర్ల్ హ్యాడ్‌లాక్ చెప్పినట్టు వింటాయని మా హేడ్లీ రేవులో అనుకునేవాళ్ళు. మనుషులు మాత్రం అతని నోటికి జడిసేవాళ్ళు. నా పెళ్ళయిన కొత్తలో మా సెల్లార్‌లో బర్నర్ శుభ్రం చేసి పైకొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఫిల్టర్ మార్చింది మీ ఆయనేనామ్మా? పాపం, బూట్లయినా కుడీ ఎడమా చూసుకుని వేసుకుంటాడా?" అన్నాడు. మా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆయన సెల్లార్‌లోకి దిగలేదు.

మెర్ల్ దగ్గర పని నేర్చుకున్నవాడు డ్వైట్. నెమ్మదస్తుడు. ఎంత తిట్టినా తల వంచుకుని స్క్రూలు బిగించేవాడు. చివరికి మెర్ల్ కూతురు లోర్నానే పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళి విందులో మెర్ల్ గ్లాసు పైకెత్తి, "నా పనిముట్లు వీడు చాలా పోగొట్టాడు. పట్టుకెళ్ళి దాచుకున్నది ఇదొక్కటే" అని కూతురి వైపు చూపించాడు. అందరూ నవ్వారు. లోర్నా కూడా నవ్వింది. చిన్నప్పటినుంచీ ఆమెకు అదే అలవాటు.

కొన్నాళ్ళకు మెర్ల్ మోకాళ్ళు పని చేయడం మానేశాయి. డ్వైట్ పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంతంగా పని మొదలుపెట్టాడు. ముగ్గురూ ఉండేది ఒకే ఇంట్లో. ఆ ఇల్లు లోర్నాకు తల్లి రాసిచ్చి పోయింది. మా ఇంటికీ దానికీ మధ్య ఒక కంచె, నాలుగు ఫర్ చెట్లు.

ఒక శరదృతువులో డ్వైట్ ఆ ఇంటి పాత ఫర్నేస్ విప్పి, దీపం లోపలికి పెట్టి చూశాడు. మంట ఉండే ఇనప గది గోడ నిలువునా చీలి ఉంది. ఆ చీలికలోంచి పొగ ఇంట్లోకి వచ్చే వేడిగాలిలో కలుస్తుంది. వాసన లేని విషం అది, నిద్రలోనే మనిషిని తీసుకుపోగలదు. డ్వైట్ లోర్నాను పిలిచాడు, ఆమెతో మాట్లాడుతున్న నేనూ వెంట వెళ్ళాను. మెట్ల మీదున్న మెర్ల్ వినేలా గట్టిగా చెప్పాడు.

"ఈ చీలిక ఈ ఏడాదిది కాదు. అంచులు తుప్పు పట్టి నున్నబడ్డాయి చూడు. ఏటా దీన్ని శుభ్రం చేసినవాళ్ళు కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారో."

ఏటా శుభ్రం చేసింది మెర్ల్. డ్వైట్ నోటివెంట అలాంటి మాట రావడం నేను మొదటిసారి విన్నాను. మెర్ల్ ముఖం పాలిపోయింది.

కొత్త ఫర్నేస్ బిగించే రోజున లోర్నా నన్ను రమ్మంది. వాళ్ళిద్దర్నీ సెల్లార్‌లో ఒంటరిగా వదలడం ఆమెకు భయం. మేమిద్దరం కాఫీ కప్పులతో మెట్ల మీద కూర్చున్నాం. మెర్ల్ ఒక బకెట్ బోర్లించుకుని, డ్వైట్ మోచేతికి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"ఆ గొట్టం చిమ్నీ వైపు ఎత్తుగా ఉండాలిరా అబ్బాయ్. పొగ నీలాంటిది కాదు, దానికి పైకి రావాలని ఉంటుంది."

"ఎత్తుగానే ఉంది మెర్ల్. లెవెల్ పెట్టి చూసుకోండి."

"అతుకు అతుక్కీ మూడేసి స్క్రూలు. మూడు. నీకు లెక్కలొచ్చా?"

"బిగించాను."

"లోర్నా, వీడు నీ మంచం కూడా ఇలాగే బిగించాడా? రాత్రి కిందపడకుండా చూసుకో."

లోర్నా కప్పులోకి చూసుకుంది. డ్వైట్ ఆగలేదు. ఎక్కడైనా మంట తగిలితే తనంతట తనే మూసుకుపోయే వాల్వ్‌ను చమురు టాంక్ దగ్గర పెట్టాడు. దాని పక్కనే ఫిల్టర్ పెట్టాడు. రాగి గొట్టాన్ని ఎక్కడా అతుకు లేకుండా ఒకే ముక్కగా లాగి, లోపలి గాలి బుడగలన్నీ పోయేదాకా చమురును సీసాలోకి వదిలాడు. పైన మెట్ల దగ్గర, ఆపదలో ఎవరైనా ఆపగలిగేలా, ఎర్ర స్విచ్ బిగించాడు. చివరికి బర్నర్ వెలిగించి, పక్కనుండే చిన్న గాలి తలుపును కొద్దికొద్దిగా తెరుస్తూ మంటను చూసుకున్నాడు. ఆ తలుపు తక్కువ తెరుచుకుంటే మంట ఊపిరాడక మసి కక్కుతుంది. సరిపడా తెరిచి, స్క్రూ బిగించాడు. చేతిపంపుతో గొట్టంలోంచి పొగ లాగి తెల్ల కాగితం గుండా పోనిచ్చాడు. కాగితం మీద మచ్చ పడలేదు.

మెర్ల్ ఆ కాగితాన్ని బల్బు దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత జేబులో పెట్టుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే పైకి వెళ్ళిపోయాడు. ఆ పూట భోజనం దగ్గర అతను నోరు విప్పలేదట. డ్వైట్ మాత్రం రెండోసారి పైనాపిల్ కేక్ అడిగి వేయించుకున్నాడని లోర్నా చెప్పింది.

మంచు పడటం మొదలయ్యాక ఆ ఇంట్లో మసి కనిపించింది. ముందు కిటికీ తెరల అంచుల్లో, తర్వాత దుప్పట్ల మీద. డ్వైట్ విప్పి, తుడిచి, మంట సరిచేశాడు. వారం తిరక్కుండా మళ్ళీ మసి. మళ్ళీ తుడిచాడు.

మెర్ల్ పొద్దున్నే హోటల్‌కు వెళ్ళి, పడవల వాళ్ళందరూ ఉన్నప్పుడు చెప్పేవాడు. "మా అల్లుడు కొత్త ఫర్నేస్ వేశాడు. మా ఇంట్లో ఇప్పుడు వెన్న కూడా నల్లగానే ఉంటుంది. తినండి, రొట్టె మాడిందనుకుంటే సరి."

ఊళ్ళో డ్వైట్‌కు మసి డ్వైట్ అని పేరు పడింది. ఫోన్ చేసి పని వద్దనేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎదురుపడితే మసి అంటినట్టు ముక్కు తుడుచుకునేవాళ్ళు. అతను కోప్పడేవాడు కాదు. ఆ నెమ్మది చూసి నాకు జాలేసేది.

నేనూ లోర్నా ఆ రోజుల్లో క్రిస్మస్ దండలు కట్టే షెడ్డులో పని చేసేవాళ్ళం. ఇనప చట్రాలకు ఫర్ కొమ్మలు చుట్టే పని. లోర్నా పొద్దున వచ్చేటప్పటికి ముఖం బూడిద రంగులో ఉండేది. తలనొప్పి, వాంతులు. మధ్యాహ్నానికి కాస్త తేరుకునేది. ఇంటికెళ్ళి పొద్దున వచ్చేటప్పటికి మళ్ళీ అదే. డాక్టర్ ఆమె వయసు అడిగి, ఈ వయసులో ఆడవాళ్ళకు మామూలే అన్నాడు.

క్రిస్మస్ వెళ్ళాక చర్చి ఫర్నేస్ మార్చాల్సి వచ్చింది. చర్చి పెద్ద హేజెన్ స్ప్రేగ్ మంచివాడు. ఊరు ఏమన్నా ఒకసారి డ్వైట్ పని తన కళ్ళతో చూస్తానని, మధ్యాహ్నం వస్తానని కబురు పెట్టాడు.

ఆ పూట లోర్నా నాతో షెడ్డులో మిగిలిపోయిన చట్రాలు సర్దుతూ ఉంది. డ్వైట్ హేజెన్‌ను తీసుకురావడానికి వెళ్ళాడు. మెర్ల్ స్క్రూడ్రైవర్ తీసుకుని సెల్లార్‌లోకి దిగాడు. ఇన్నాళ్ళూ గాలి తలుపును కొంచెం కొంచెంగా మూస్తూ వచ్చినవాడు అతనే. ఆ రోజు హేజెన్ గుమ్మంలో అడుగుపెట్టగానే మసి కంపు కొట్టాలని ఇంకాస్త మూశాడు. అతను అనుకున్నదానికంటే ఎక్కువే జరిగింది. నిప్పురవ్వ పుట్టించే రెండు మొనలకూ అప్పటికే మసి గడ్డకట్టి ఉంది. మంట ఆరిపోయింది. తిరిగి అంటుకోలేదు.

మసి కక్కే ఫర్నేస్ అయితే డ్వైట్ సంజాయిషీ చెప్పుకుంటాడు. అసలు వెలగని ఫర్నేస్ అయితే హేజెన్ ముందే మూత విప్పుతాడు, మూసిన తలుపు బయటపడుతుంది. మెర్ల్ బర్నర్ మీద ఉండే, దాన్ని మళ్ళీ వెలిగించే ఎర్ర బటన్ నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. ఆ బటన్ ఒక్కసారే నొక్కాలని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేర్పింది మెర్లే. నొక్కినప్పుడల్లా చమురు లోపలికి చిమ్ముతుంది, వెలగకపోతే అక్కడే నిలుస్తుంది. ఇప్పటి బర్నర్లు కొన్నిసార్లకి మొరాయించి ఆగిపోతాయి. అప్పటివి నొక్కినంతకాలం చిమ్ముతూనే ఉండేవి. మెర్ల్ నొక్కుతూనే పోయాడు. ఎక్కడో ఒక రవ్వ పుట్టింది.

ఫర్నేస్ తలుపు ఊడి అతని మీద పడింది. వెనకే మంట. డ్వైట్, హేజెన్ వాకిట్లోకి వచ్చేసరికి సెల్లార్ కిటికీలోంచి నల్లటి పొగ. డ్వైట్ మెట్ల దగ్గర స్విచ్ ఆపి, కిందికి దిగి, మామగారిని భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. మంట టాంక్ దాకా పోలేదు. అతను పెట్టిన వాల్వ్ మూసుకుపోయింది.

మెర్ల్‌కు ఒక కన్ను పోయింది. రెండు చేతుల వేళ్ళూ కాలి, ముడుచుకుపోయాయి. ఆసుపత్రి మంచం మీద నుంచే, అల్లుడి చేతకానితనం వల్ల ఇదంతా అన్నాడు. కానీ అగ్నిమాపక దళం వాళ్ళు వచ్చి చూశారు. గాలి తలుపు మూసి ఉంది, అడుగున చమురు నిండి ఉంది, స్క్రూడ్రైవర్ అక్కడే పడి ఉంది. ఊరంతటికీ తెలిసిపోయింది. చర్చి పని డ్వైట్‌కే ఇచ్చారు. ముక్కు తుడుచుకున్నవాళ్ళు తమ సెల్లార్ల తలుపులు తెరిచి పిలిచారు.

మెర్ల్ ఇంటికొచ్చాక చెంచా కూడా పట్టుకోలేకపోయాడు. అతనికి తినిపించే పని లోర్నా చేస్తానంది. డ్వైట్ ఒప్పుకోలేదు.

"నాకు పని నేర్పిన మనిషి. నేనే పెడతాను."

ఎవరైనా ఇంటికొస్తే చాలు, డ్వైట్ చెంచా నింపి, మెర్ల్ నోటికి కొంచెం దూరంలో ఆపేవాడు.

"మెర్ల్, వీళ్ళకి చెప్పండి. బర్నర్ వెలగకపోతే ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కాలి?"

"ఒకసారి."

"అప్పటికీ వెలక్కపోతే?"

"పనివాణ్ణి పిలవాలి."

"ఎవర్ని?"

మెర్ల్ ఒంటికన్ను చెంచా మీదే ఉండేది. "నిన్ను."

అప్పుడు చెంచా నోటికి అందేది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మొదటిసారి నేనూ నవ్వాను. ఇన్నేళ్ళూ పడ్డవాడు కదా, తీర్చుకోనీ అనుకున్నాను. మూడోసారికి లోర్నా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఒక శనివారం బీన్స్ వండి నన్నూ హేజెన్‌నూ భోజనానికి పిలిచారు. తింటూ తింటూ హేజెన్ అడిగాడు. "అన్నిసార్లు మసి వస్తుంటే నీకు అనుమానం రాలేదా డ్వైట్?"

"అనుమానమేంటి, తెలుసు" అన్నాడు డ్వైట్. అతని గొంతులో గర్వం వినిపించింది. "ఆ స్క్రూ మీద లోర్నా గోళ్ళరంగు చుక్క ఒకటి పెట్టాను. రెండో రోజుకే స్క్రూ తిరిగి చుక్క పగిలిపోయింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తాడుగా. తనంతట తనే దొరకాలి. ఆఖర్లో నేను మసి తుడవడం కూడా మానేశాను. ఎన్నాళ్ళు ఆడతాడో ఆడనీ అని."

లోర్నా చేతిలో బీన్స్ గిన్నె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"థాంక్స్‌గివింగ్ పండగ ముందు నుంచి, నవంబర్లోనే."

"నాకు తలనొప్పి మొదలైంది అప్పుడే."

డ్వైట్ చెంచా కింద పెట్టాడు. "కిటికీ కొంచెం తీసి పడుకోమన్నాను కదా" అన్నాడు.

లోర్నా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మసి పట్టి గొట్టం పూడితే పొగ చిమ్నీలోకి పోక ఇంట్లోకి వస్తుందని నీకు తెలీదా? నేనొక్కదాన్నే పడుకునే గది సరిగ్గా దాని మీదే ఉంది."

మెర్ల్ నోట్లోది మింగాడు. "నీ మొగుడు వేసింది మంచి ఫర్నేసైతే పొగ ఎందుకొస్తుంది?"

హేజెన్ నాప్కిన్ మడతపెడుతూ కూర్చున్నాడు. లోర్నా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏడవలేదు, అరవలేదు. "మీ ఇద్దరి మధ్యా ఈ ఇంట్లో నేను కూడా నిద్రపోయాను" అంది. కోటు తీసుకుని మా ఇంటికి నడిచి వచ్చేసింది. మర్నాడు బస్సెక్కి బాంగర్ పట్నం వెళ్ళిపోయింది.

ఇల్లు ఆమె పేరు మీదే ఉంది కాబట్టి, మంచు కరిగేలోపే అమ్మకానికి పెట్టింది. వేసవికి మాత్రమే వచ్చే బోస్టన్ వాళ్ళు కొన్నారు. వాళ్ళకు ఫర్నేస్‌తో పని లేదు. డ్వైట్ ఊళ్ళోనే ఒక గరాజ్ మీది గదిలోకి మారాడు. మెర్ల్‌ను వృద్ధుల ఆశ్రమంలో చేర్పించారు. లోర్నా అక్కడికి ఒక్కసారి వెళ్ళింది. కాళ్ళ మీద దుప్పటి కప్పుతుంటే, "వాడు నిన్ను కూడా సరిగ్గా బిగించలేదన్నమాట" అన్నాడట. ఆమె దుప్పటి కప్పడం పూర్తిచేసి, నర్సుకు చెప్పి వచ్చేసింది. రెండేళ్ళ తర్వాత అతను పోయినప్పుడు అంత్యక్రియలకు డ్వైట్ వెళ్ళాడు. లోర్నా రాలేదు.

మా ఇంటి ఫర్నేస్ చూసేది ఇప్పటికీ డ్వైటే. ఈ తీరంలో అంతకంటే మంచి పనివాడు లేడు. ఏటా ఆకులు రాలే రోజుల్లో వచ్చి చమురు చిమ్మే నాజిల్ మారుస్తాడు, గొట్టాలన్నీ విప్పి మసి దులుపుతాడు, ఏ తొందరా పడడు. అతను కింద ఉన్నంతసేపూ నేను మెట్ల మీద కూర్చుని అతని చేతుల్ని చూస్తూ ఉంటాను. ఎందుకు చూస్తున్నానో అతనికి తెలుసు. కాదనడు.

మొన్న వచ్చినప్పుడు, పెట్టె సర్దుకుంటూ, "లోర్నా ఏమైనా మాట్లాడిందా?" అని అడిగాడు.

ముందురోజే ఆమె నాతో చాలాసేపు ఫోన్లో మాట్లాడింది. లేదన్నాను.

అతను తల ఊపాడు. చలి ముదిరేలోపు టాంక్ నింపించుకోమని చెప్పి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.