కారున్నట్టు ఒప్పుకున్న కూపన్

నేను ఒక బట్టల షాపు లక్కీ డ్రా కూపన్‌ను. తణుకులో ఒక ప్రెస్సులో, పెళ్లిపత్రికల కట్టకూ పకోడీ బండి కరపత్రాలకూ మధ్య పుట్టాను. అందుకే రంగు గులాబీ, వాసన ఉల్లిపాయ.

చీరలకు ఫాల్ కుట్టి బతికే నూకరత్నం ఆషాఢం సేల్లో ఒక నూలు చీర కొని నన్ను అందుకుంది. పేరు, ఫోన్ నంబరు రాసింది. 'ఇంట్లో కారుందా?' అన్న చోట పెన్ను ఆగింది. పదిహేనేళ్ల తర్వాత అప్పుడే ఎదురుపడ్డ క్లాస్‌మేటు వీరలక్ష్మి భుజం మీదుగా తొంగిచూస్తోంది మరి.

నూకరత్నం 'ఉంది' అని టిక్కు పెట్టింది.

"ఏ కారే మీది?"

"తెల్లది."

డ్రా ఎవరూ తియ్యలేదు. షాపువాళ్లు మమ్మల్ని కట్టలు కట్టి, జనం వివరాలు కొని అమ్మే ఒక కంపెనీకి అమ్మేశారు. వాళ్లు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, సాక్ష్యంగా మమ్మల్నీ జతచేసి, రేషన్ కార్డులు చూసే సర్కారీ ఆఫీసుకు అమ్మారు. నెల తిరక్కుండా, ఇంట్లో కారుందన్న కారణంతో నూకరత్నం రేషన్ బియ్యం ఆగిపోయాయి.

ఆమె ఆఫీసుకు వచ్చింది. "ఆ కారేదో చూపించండి బాబూ, ఎక్కి ఇంటికెళ్తాను."

ఆఫీసరు దైవాధీనం గారు నన్ను పైకెత్తారు. "ఇది నీ రాతేనా?"

"నాదేనండి. వీరలక్ష్మి కోసం ఆడిన అబద్ధం అది. మీరు మా ఇంటికొచ్చి అడిగుంటే నిజమే చెప్పేదాన్ని కదా!"

"అడగాలంటే నోటీసివ్వాలి, నీ జవాబు రాసుకోవాలి. కొనుక్కుంటే ఆ తంటా లేదమ్మా."

"అందరివీ కొన్నారా? మీవి కూడానా?"

కంప్యూటర్ ముందున్న గుమాస్తా సుభద్రకూ అదే అనుమానం వచ్చింది. ఆఫీసరు గారి ఫోన్ నంబరు కొట్టి, వచ్చింది వచ్చినట్టు పైకి చదివేసింది. "దైవాధీనం గారు, యాభై మూడేళ్లు. జుట్టు మొలిచే నూనె, ఆరు సీసాలు. పొట్ట బిగించే బెల్టు, ఒకటి. సైజు చాలక వాపసు..."

క్యూ మొత్తం ఆయన తలకేసి చూసింది.

మనుషులు చాలా నెమ్మదిగా కదులుతారని అంతవరకూ అనుకునేదాన్ని. ఆ పూటే ఉత్తర్వు తయారైంది. కొన్న జాబితాను కారణం రాయకుండా ఎవరూ తెరవకూడదు. ఎవరి వివరాలు చూస్తే వారికి చెప్పాలి. కేవలం దాన్ని నమ్ముకుని ఎవరి కార్డూ ఆపకూడదు. నూకరత్నం బియ్యం మళ్లీ ఇమ్మని కింద సంతకం పెట్టారు.

ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, గొంతు తగ్గించింది. "ఆ నూనె పనిచేసిందాండీ? మా ఆయన కోసం అడుగుతున్నాను."

"అది నా సొంత విషయమమ్మా!" అంటూ దైవాధీనం గారు నన్ను కవర్లో తోసి సీలు వేశారు.

అప్పట్నుంచీ బీరువాలోనే ఉన్నాను. చీకటే గానీ హాయిగా ఉంది. ఇక్కడ నన్ను ఎవరూ చదవరు.