ఎర్రబడిన వరుస

మొగుడి కాలు విరిగింది మొదలు ఆ ఇంట్లో ఇద్దరాడవాళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఒకరు భార్య. ప్రయోగశాలలో గాజు గిన్నెల్లో మూలకణాలను పెంచి, ఎముకగా మార్చడం ఆమె పని. రెండోవారు తమ్ముణ్ణి చూసుకోవడానికి కుట్టుమిషనుతో సహా వచ్చి దిగిన ఆడపడుచు. మరదలికి ఆవిడ పెట్టిన పేరు ‘గిన్నెలమ్మ’.

ఆ పేరు వింటే గిన్నెలమ్మకు ఒళ్లు మండిపోయేది. జాకెట్లు కుట్టుకునే మనిషి తనకు ఎముకల గురించి చెప్పేదేమిటి! ఎముక కట్టిన గిన్నెలో రంగు పోస్తే ఎర్రబడుతుంది. వాపు పుట్టించే పదార్థం రోజూ కలిపిన గిన్నెలు తెల్లగా మిగిలిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఒక్క వరుస మాత్రం ఎదురు తిరిగింది. దానికి ఆ పదార్థం ఒక్కరోజే కలిపి, మర్నాడు కడిగేశారు. అది అన్నిటికన్నా ఎర్రగా పండింది. ఎవరో చెయ్యి తప్పారనుకుని, పుస్తకంలో ఆ వరుస కొట్టేసి, గిన్నెలు చెత్తబుట్టలో పారేసింది.

ఇంట్లో ఇక వాపు మీద యుద్ధమే. నొప్పి భరించలేకపోతేనే వేసుకోమని డాక్టరు ఐదు రోజులకు రాసిన, వాపు కూడా తగ్గించే మాత్రలను మూడు పూటలా, మూడు నెలలపాటు మొగుడి చేత మింగించింది.

“ఐదు రోజులే అన్నాడు కదమ్మా!” అంది ఆడపడుచు.

“వాపుంటే ఎముక కట్టదు వదినా. మీరు మీ సూదీ దారం చూసుకోండి.”

ఆడపడుచు ఊరుకుంటుందా? మాత్రలు దాచేసింది. గిన్నెలమ్మ మిషను సొరుగు లాగి, దారపుండలన్నీ నేల మీద గుమ్మరించి మరీ వెతికి పట్టింది.

“ఆ రెండో కాలు కూడా విరగ్గొట్టండి, పీడా పోతుంది!” అని మంచం మీంచి అరిచాడు మొగుడు. అతని భయం అతనిది. క్రేను నడిపే మనిషి. నెలాఖరుకల్లా నిచ్చెన ఎక్కలేకపోతే ఆ సీటు ఇంకొకడిదని పై అధికారి తేల్చి చెప్పేశాడు.

ఆ నెలాఖరున డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూశాడు. ఎముకలో చీలిక అలాగే ఉంది. మళ్లీ ఆపరేషను, ఇంకో ఆరు నెలలు పడక.

“ఈవిడే! వద్దన్నా వినకుండా రోజూ ఆయన్ని లేపి నడిపించింది,” అని ఎగిరిపడింది గిన్నెలమ్మ.

“నడవమన్నది నేనేనమ్మా,” అన్నాడు డాక్టరు. “వాపు మాత్రలు ఎన్నాళ్లు వేశారు?”

ఆడపడుచు సంచి విప్పి, ఖాళీ మాత్రల అట్టలన్నీ బల్ల మీద కుమ్మరించింది.

డాక్టరు తల పట్టుకున్నాడు. “నెలల తరబడి ఉండే వాపు చెడ్డదే. కానీ మొదటి రోజుల వాపు వేరమ్మా. మూలకణాల్ని విరిగిన చోటికి పిలిచేదే అది. దాని నోరు నొక్కేస్తే అవెలా వస్తాయి? ఇదొక్కటే కారణమని చెప్పలేను గానీ, మేలు మాత్రం చెయ్యలేదు.”

చెత్తబుట్టలో పారేసిన వరుస గిన్నెలమ్మ కళ్ల ముందు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“చదువుకున్నదానివి కదా అని కళ్లు మూసుకుని మింగాను,” అన్నాడు మొగుడు.

ఆడపడుచు మరదలి వైపు చూడనైనా చూడలేదు. “లే తమ్ముడూ,” అని ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క పట్టుకోవడానికి గిన్నెలమ్మ చెయ్యి చాచింది. అతను చేతికర్రను ఆ పక్కకు మార్చుకున్నాడు.