చెల్లెలి అభ్యంతరం

దివాలా తీసిన వడ్రంగికి ఆ రోజు అప్పుల నుంచి విముక్తి దొరకాలి. అప్పిచ్చినవాళ్ళెవరూ అడ్డు చెప్పకపోతే, అతను మళ్ళీ సొంతంగా పని మొదలుపెట్టుకోవచ్చు. కోర్టు హాలులో చివరి బెంచీ మీద అతని చెల్లెలు కూర్చుంది. బట్టలు కుట్టి దాచుకున్నదంతా అన్న దుకాణానికి ఇచ్చిన మనిషి.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని జడ్జి అడిగింది.

కలప డిపో యజమాని లేచాడు. "నాకుందండీ. ఇతని చిత్రిక పట్టే మిషను కోర్టుకిచ్చిన ఆస్తుల జాబితాలో లేదు. ఆస్తి దాచినవాడికి విముక్తేమిటి?"

"అది పాడైపోయింది. తుక్కు కింద అమ్మేశాను," అన్నాడు వడ్రంగి.

ఆ మిషను చెల్లెలి ఇంటి వెనక గదిలో దుప్పటి కింద ఉంది. దివాలాకు కొద్ది రోజుల ముందు అన్నే తెచ్చి పెట్టాడు. "అందరికంటే ముందు నీ బాకీ తీరాలమ్మా," అన్నాడు. అలా ఒక్కరికే ఇవ్వకూడదని అప్పుడు ఇద్దరికీ తెలియదు. తెలిశాక చెప్పడానికి భయం.

డిపో యజమాని నవ్వాడు. "తుక్కా! అంటే బ్లేళ్ళు తుప్పు పట్టించావన్నమాట. పనిమంతుడివనుకుని ఇన్నాళ్ళూ నీకు కలప అరువిచ్చాను చూడు, నన్నూ అనాలి."

వడ్రంగి మెడ నరాలు ఉబ్బాయి. "మాట జాగ్రత్త, బాబాయ్! నా చేతికింద బ్లేడు తుప్పు పట్టడమా? మొన్న ఆదివారం కూడా నూనె రాసి వచ్చాను!"

వెనకెవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"ఎక్కడ రాసి వచ్చారు?" అంది జడ్జి.

చెల్లెలి వైపు చూడకూడదని వడ్రంగి గోడ వైపు చూశాడు.

"మా ఇంట్లోనండీ." ఆమె లేచి నిలబడింది. "నా బాకీ కింద ఇచ్చాడు."

"నిన్నెవరు అడిగారు? కూర్చో!"

"కూర్చునే కదా ఇంతదాకా తెచ్చాం, అన్నయ్యా."

జడ్జి ఆమెను పరిశీలనగా చూసింది. "అయితే మీరూ అప్పిచ్చినవారే. మీకు అభ్యంతరం ఉందా?"

అన్న ఇప్పుడు తిరిగి చూశాడు. లేదని చెప్పమని కళ్ళతోనే బతిమాలాడు.

"ఉందండీ. మిషను అందరి వాటాలోకి వచ్చేదాకా ఉంది."

విముక్తి ఆరు నెలలు వాయిదా పడింది. మిషను మర్నాడే అప్పగించాలని జడ్జి ఆదేశించింది.

అన్న ఆమెకన్నా ముందే మెట్లు దిగిపోయాడు. గేటు దగ్గర మాత్రం ఆగాడు.

"అది నువ్వొక్కదానివే ఎత్తలేవు," అన్నాడు, ఆమె ముఖం చూడకుండానే. "పొద్దున్నే వస్తాను."